అవతలి పళ్లెంలో ఏముంది?
అనకాపల్లి తక్కెడ నుంచి విశాఖ రేవులో ఓడ దాకా తూకం లెక్కలు

విశాఖపట్నం: ఒక ఓడ బొగ్గు రేవుకు వచ్చిందనుకుందాం. కాగితాల మీద సరకు 75,000 టన్నులు. ఓడ ఎంత లోతు మునిగిందో చూసి సర్వేయరు కట్టిన లెక్క కూడా ఆ అంకెకే వచ్చింది. అదే బొగ్గు లారీలకెక్కి గేటు దాటాక వేబ్రిడ్జి చీటీలన్నీ కూడితే 74,625 టన్నులే తేలింది. తేడా 375 టన్నులు, అంటే నూటికి అర వంతు. టన్ను 200 డాలర్లు అనుకుంటే 75,000 డాలర్ల మాట. ఈ సొమ్ము ఎవరి ఖాతాలో పడాలి?

ఇది ఉదాహరణకు చెప్పిన లెక్కే గాని, ఈ పాటి తేడాలు రేవు వర్తకంలో వింత కాదు. తగాదా వచ్చినప్పుడు మొదట వినబడే మాట ‘దొంగ తూకం’. దొంగలు లేరని కాదు. కాని చాలాసార్లు రెండు కాటాలూ తమ మట్టుకు తాము నిజమే చెప్పి ఉంటాయి. ఎందుకంటే ఏ కాటా కూడా సరకు బరువును నేరుగా చూడలేదు. రెండు బలాలు సరిసమానమైనప్పుడు ఆగడం ఒక్కటే దానికి తెలిసిన విద్య. ఒక బలం సరకుది. రెండోది వేరే ఎవరిదో. అంగట్లో అది పడికట్టు రాయి. చేపల బజారులో స్ప్రింగు. వేబ్రిడ్జి కింద ఉక్కు దిమ్మ. ఓడ విషయంలో సాక్షాత్తూ సముద్రం. కనుక తూకంలో తేడా వస్తే అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అవతలి పళ్లెంలో ఏముంది, దాన్ని ఎవరు ఎప్పుడు సరిచూశారు?

తక్కెడ దండి ధర్మం

అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా తేటగా అర్థమయ్యేదీ తక్కెడ. దండి మధ్యలో ఆధారం, రెండు కొసలా పళ్లేలు. ఒక పళ్లెంలోని బరువును, ఆధారం నుంచి అది ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేది ఆ వైపు తిప్పే బలం. రెండు వైపులా అది సమానమైతే ముల్లు నిలబడుతుంది. చేతులు రెండూ సమానమైతేనే ముల్లు నిలిచినప్పుడు బరువులు సమానమని చెప్పవచ్చు. కిటుకంతా ఇక్కడే ఉంది.

ఒక దండికి ఒక చేయి 50 సెంటీమీటర్లు, రెండోది 49 ఉన్నాయనుకుందాం. కంటికి తెలియదు. ఖాళీ పళ్లేలు సమంగా నిలిచేటట్టు ఒక పళ్లెం కాస్త బరువుగా చేస్తే అనుమానమే రాదు. పొట్టి చేయి వైపు 10 కిలోల రాయి, పొడుగు చేయి వైపు సరకు పెడితే 9 కిలోల 800 గ్రాములకే ముల్లు నిలుస్తుంది. అమ్మేవాడికి లాభం. పళ్లేలు మార్చి సరకును పొట్టి చేయి వైపు పెడితే ముల్లు నిలవడానికి 10 కిలోల 204 గ్రాములు కావాలి. కొనేవాడికి లాభం. ఒకే తక్కెడ, ఒకే రాయి, ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవరు ఏ వైపు పెట్టారన్నదే తేడా.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు దిమ్మలు తెచ్చే రైతుకు ఈ లెక్క చిన్నది కాదు. పదికి 204 గ్రాములంటే క్వింటాలుకు రెండు కిలోల పైమాట. క్వింటాలు 4,000 రూపాయలనుకుంటే 80 రూపాయలు తక్కెడలోనే కరిగిపోయినట్టు. ధర కోసం పది రూపాయల దగ్గర గంటసేపు బేరమాడే రైతు, తూకం దగ్గర చూపు మరల్చితే ఆ బేరమంతా వృథా.

దీనికి విరుగుడు కూడా తక్కెడలోనే ఉంది. రాయినీ సరకునూ పళ్లేలు మార్చి మళ్లీ తూచాలి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే దండి మంచిది. రాకపోతే ఆ దండితోనే సరైన తూకం వేసే ఉపాయం మరొకటి ఉంది. సరకును ఒక పళ్లెంలో పెట్టి, రెండో దానిలో ఇసుక పోసి ముల్లు నిలపాలి. తరువాత సరకు తీసేసి, అదే పళ్లెంలో, అదే ఇసుకకు సరితూగేదాకా రాళ్లు పెట్టాలి. సరకు కూర్చున్న చోటనే రాయీ కూర్చుంది కాబట్టి చేతుల పొడుగుతో పనిలేదు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు బోర్డా పేరు మీద ఈ పద్ధతి ప్రయోగశాలల్లో నేటికీ చలామణిలో ఉంది.

ముల్లు నిలబడటానికి ఇంకొక షరతు కూడా ఉంది. దండి, పళ్లేలు కలిపిన మొత్తం భారం ఆధారానికి కాస్త దిగువన కేంద్రీకృతం కావాలి. మరీ దిగువకు ఉంటే తక్కెడ మొద్దుబారి చిన్న తేడాలకు కదలదు. ఆధారానికి ఎగువన ఉంటే ఎటో ఒక వైపు పడిపోతుంది గాని నిలవదు. బంగారం కొట్లో తక్కెడ మెల్లగా ఊగి ఊగి నిలవడానికీ, కట్టెల అడితిలో తక్కెడ వెంటనే ఆగడానికీ కారణం ఇదే. సున్నితం కావాలంటే ఓపిక కావాలి.

రాయి ఎవరిది?

దండి మంచిదైనా రాయి మంచిది కాకపోతే ఫలితం సున్న. ఒకప్పుడు రాయి ఊరికొక తీరుగా ఉండేది. మద్రాసు రాష్ట్ర లెక్కలో 8 వీశెలు ఒక మణుగు. ఆ మణుగు 25 పౌన్లు, సుమారు 11 కిలోల 340 గ్రాములు. రైల్వే వారి మణుగు మాత్రం 37 కిలోల పైచిలుకు. పేరు ఒకటే, బరువు మూడింతల పైన తేడా. బొంబాయి, కలకత్తా వర్తకులతో ఉత్తరాలు నడిపే దుకాణాల్లో ఏ మణుగో రాయకుండా ధర రాస్తే కొంప మునిగేది.

రేవులోనూ ఇదే చిక్కు. మధ్యపరగణాల మాంగనీసు రాయి ఎగుమతి ముఖ్య ఉద్దేశంగా కట్టిన విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. అప్పటి లెక్క లాంగ్ టన్ను, అంటే 2,240 పౌన్లు, 1,016 కిలోలు. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. ఒప్పందంలో ‘10,000 టన్నులు’ అని మాత్రమే రాస్తే ఏ టన్ను అన్నదాన్ని బట్టి 160 మెట్రిక్ టన్నులు అటో ఇటో పోతాయి.

ఈ గందరగోళానికి స్వస్తి చెప్పింది 1956 నాటి తూనికలు కొలతల చట్టం. 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా కిలో, క్వింటాలు బజారుకు వచ్చాయి. ఆ కిలోకు మాతృక పారిస్ దగ్గర ప్లాటినం, ఇరీడియం లోహాలతో చేసిన ఒక చిన్న స్తూపం. దాని నకళ్లలో 57వ నంబరుది భారతదేశానికి వచ్చి ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. దానితో సరిచూసిన రాళ్లతో మరికొన్ని రాళ్లు, వాటితో జిల్లా అధికారి దగ్గరి రాళ్లు, వాటితో అంగట్లో రాయి. ఇలా మెట్లు మెట్లుగా దిగి వచ్చిన నమ్మకమే అంగడి రాయి మీది ముద్ర. 2019 మే 20 నుంచి కిలోకు ఆ లోహపు స్తూపం కూడా అక్కరలేదు. ప్రకృతిలో మారని ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా కిలోను నిర్వచించారు. దాన్ని ఆచరణలో తేల్చే యంత్రాల్లో ముఖ్యమైనది కిబుల్ త్రాసు. అందులో ఒకవైపు బరువు, రెండోవైపు విద్యుదయస్కాంత బలం. మాతృక మారింది గాని పద్ధతి మారలేదు. రెండు బలాలు సరితూగవలసిందే.

స్ప్రింగుకు ఊరు తెలుస్తుంది

స్ప్రింగు కాటాలో అవతలి బలం రాయి కాదు, లోహపు సాగుడు. భారం రెట్టింపైతే సాగుడు రెట్టింపు అవుతుందని హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించాడు. సాగిన మేర భారాన్ని చెబుతుంది. సౌకర్యం ఎక్కువే, కాని తక్కెడకు లేని బలహీనత దీనికి ఒకటుంది.

తక్కెడలో రాయినీ సరకునూ భూమి ఒకే తీరుగా లాగుతుంది. ఎక్కడికి తీసుకుపోయినా ఆ పోలిక చెడదు. స్ప్రింగును మాత్రం సరకు ఒక్కటే లాగుతుంది. భూమ్యాకర్షణ అన్నిచోట్లా ఒక్కటి కాదు. భూమధ్యరేఖ దగ్గర కాస్త తక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఎక్కువ. విశాఖపట్నంలో అది సుమారు 9.785, టోక్యోలో 9.798. విశాఖలో సరిచేసిన స్ప్రింగు కాటాను టోక్యోకు తీసుకుపోతే 100 కిలోల సరకును 100 కిలోల 130 గ్రాములుగా చూపుతుంది. లక్ష టన్నుల ఇనుపరాయి మీద ఆ తేడా 130 టన్నులు. బైలదిల్లా రాయి దశాబ్దాల పాటు విశాఖ నుంచి జపాన్ ఉక్కు మిల్లులకు వెళ్లింది గదా, ఇంత తేడా ఎలా సర్దుకునేవారన్న అనుమానం రావచ్చు. జవాబు సులువు. స్ప్రింగు అయినా, ఎలక్ట్రానిక్ కాటా అయినా, అది పనిచేసే చోటనే ముద్ర రాళ్లతో సరిచేయాలి. అలా సరిచేస్తే ఆ ఊరి ఆకర్షణ లెక్కలో కలిసిపోతుంది. సరిచేయకుండా ఒక ఊరి నుంచి మరో ఊరికి మార్చిన కాటాను నమ్మరాదు.

వేబ్రిడ్జి కింద ఏముంటుంది?

లారీ ఎక్కే వేబ్రిడ్జి మొదట్లో మీటల యంత్రమే. 18వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ వ్యాట్ మీటకు మీట తగిలించి, చిన్న రాయితో పెద్ద బండిని తూచే ఏర్పాటు చేశాడు. తక్కెడలో చేతులు సమానం. ఇందులో కావాలనే అసమానం. బండి వైపు చేయి పొట్టిది, రాయి వైపు పొడుగుది.

ఇప్పటి వేబ్రిడ్జి పలక కింద లోడ్‌సెల్‌లు అనే ఉక్కు దిమ్మలు ఉంటాయి. లారీ ఎక్కగానే దిమ్మ వెంట్రుకవాసి కూడా కాదు, అంతకన్నా తక్కువ నొక్కుకుంటుంది. ఆ ఉక్కు తిరిగి నెట్టే బలమే అవతలి పళ్లెం. దిమ్మకు అంటించిన సన్నని లోహపు పట్టీల గుండా ప్రవహించే విద్యుత్తుకు నిరోధం ఆ నొక్కుడుతో కొంచెం మారుతుంది. ఈ పట్టీలను 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు వేర్వేరుగా కనిపెట్టారు. నాలుగు నిరోధాలను వంతెనలాగ కలిపిన వలయంలో వీటిని అమరుస్తారు. దీనిని 1843లో వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చాడు. భారం లేనప్పుడు వంతెన సమంగా ఉండి సంకేతం సున్న. భారం పడితే ఒక వైపు మొగ్గు. పది వోల్టులు ఇస్తే నిండు భారం దగ్గర కూడా ఆ మొగ్గు ఇరవై మిల్లీవోల్టుల పాటిదే. లోన ఉన్నది మళ్లీ తక్కెడే. దండి స్థానంలో విద్యుత్తు వచ్చింది.

ఇంత చిన్న సంకేతం మీద ఆధారపడ్డ కాటాకు శత్రువులు చాలామంది. పలక అంచున ఇరుక్కున్న రాయి కొంత భారాన్ని పక్కకు మోస్తుంది. పలక మీద నిలిచిన వాననీరు సున్నను జరుపుతుంది. ఉప్పుగాలి, బొగ్గుపొడి తీగల కీళ్లను తింటాయి. అందుకే తనిఖీలో రాళ్లను పలక మధ్యలోనే కాక నాలుగు మూలలా పెట్టి చూస్తారు. మూలకొక అంకె చూపే కాటా పనికిరాదు. 2009 నాటి చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం వేబ్రిడ్జీలకు, ఎలక్ట్రానిక్ కాటాలకు 12 నెలలకొకసారి, రాళ్లకూ దండి త్రాసులకూ 24 నెలలకొకసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి.

ఇక మొదట చెప్పిన 375 టన్నుల తేడాకు వద్దాం. లారీకి 30 టన్నుల చొప్పున 75,000 టన్నులు తరలించాలంటే 2,500 లారీల తూకాలు కావాలి. 375 టన్నుల తేడా అంటే లారీకి 150 కిలోలు. వేబ్రిడ్జి 10 కిలోల మెట్టులో అంకెలు చూపుతుందనుకుందాం. ఒకసారి నాలుగు కిలోలు ఎక్కువ, ఒకసారి నాలుగు కిలోలు తక్కువ చూపితే 2,500 తూకాల్లో అవి ఒకదానినొకటి కొట్టుకుపోతాయి. భయపడవలసింది వాటికి కాదు. ఎప్పుడూ ఒకే వైపు మొగ్గే తప్పుకు భయపడాలి. ఖాళీ లారీ బరువును నెల కిందట తీసి అదే అంకె వాడుతున్నారనుకుందాం. డీజిలు, తడిసిన టార్పాలిన్, అడుగున అంటుకున్న బొగ్గు కలిసి అసలు ఖాళీ బరువు 50 కిలోలు మారినా మొత్తం మీద 125 టన్నుల తేడా పోగవుతుంది. చిన్న తప్పు పెద్దది కావడానికి దొంగతనం అక్కరలేదు, అలవాటు చాలు.

రైలు విషయంలో తూకం డబ్బుకే కాక పట్టాలకూ సంబంధించినది. ఇరుసుకు 22.9 టన్నులు అనుమతించిన మార్గంలో నాలుగిరుసుల వ్యాగను సరకుతో కలిపి 91.6 టన్నులు దాటరాదు. దాటితే జరిమానా కిరాయి. కదులుతున్న వ్యాగన్లను పట్టాల మీదే తూచే కాటాలు ఇందుకోసమే. కన్వేయరు బెల్టు మీద పోయే సరకుకు మరొక ఉపాయం ఉంది. బెల్టు కింది ఒక రోలరును లోడ్‌సెల్ మీద నిలిపి, ఆ క్షణాన ఉన్న భారాన్ని బెల్టు వేగంతో గుణిస్తూ కూడుతారు. బెల్టు బిగువు మారితే ఆ బిగువే కొంత భారాన్ని మోసి లెక్క తప్పిస్తుంది.

కంటైనర్లకు 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయ నిబంధన వచ్చింది. సరిచూసిన స్థూల బరువు ప్రకటించనిదే కంటైనరును ఓడకెక్కించరాదు. 2007లో ఇంగ్లీషు చానెల్లో దెబ్బతిన్న ఎంఎస్‌సీ నేపోలీ ఓడ డెక్కు మీది కంటైనర్లను తరువాత తూచి చూస్తే, ఐదింట ఒక వంతు ప్రకటించిన బరువుకు మూడు టన్నులకు పైగా తేడాగా ఉన్నాయి. అక్కడ తూకం ధర సమస్య కాదు, ప్రాణ సమస్య.

సముద్రమే కాటా

75,000 టన్నులను ఒకేసారి మోయగల పలకను ఎవరూ కట్టలేదు. కట్టనక్కరలేదు కూడా. ఓడను నీరు మోస్తోంది. తేలే వస్తువు తన బరువుకు సరిగ్గా సమానమైన నీటిని పక్కకు తోస్తుందన్న ఆర్కిమెడిస్ సూత్రమే డ్రాఫ్ట్ సర్వేకు మూలం. కింది నుంచి నీరు నెట్టే బలం ఒక పళ్లెం, ఓడ బరువు రెండో పళ్లెం. ఓడ మునగక, లేవక నిలిచి ఉందంటే ముల్లు నిలిచినట్టే. ఇందులో ఒక సొగసు ఉంది. భూమ్యాకర్షణ ఓడనూ నీటినీ ఒకే తీరుగా లాగుతుంది గనుక తక్కెడలాగే దీనికీ ఊరి తేడా లేదు. విశాఖలో చూసినా, జపానులో చూసినా ఒకటే.

సర్వేయరు చేసే పని ఇది. ఓడ ముందు, మధ్య, వెనుక, రెండు ప్రక్కలా, మొత్తం ఆరు చోట్ల గీతలు చదివి ఎంత లోతు మునిగిందో చూస్తాడు. ఓడ పొడుగునా కాస్త వంగి ఉండవచ్చు గనుక మధ్య గీతకు ఎక్కువ విలువ ఇచ్చి సగటు కడతాడు. ఓడ కట్టినప్పుడు ఇచ్చిన పట్టికల్లో ఆ లోతుకు ఎంత నీరు పక్కకు తోసినట్టో చూస్తాడు. అందులోంచి ఓడ సొంత బరువు, ఇంధనం, మంచినీరు, బ్యాలస్టు నీరు తీసేస్తాడు. సరకు దింపక ముందొకసారి, దింపిన తరువాత ఒకసారి. రెంటి తేడాయే సరకు.

చెప్పడానికి ఇంతే. కాని 75,000 టన్నులు మోసే తరహా ఓడ ఒక్క సెంటీమీటరు మునగడానికి సుమారు 67 టన్నులు కావాలి. అలలు గీత మీదకూ కిందకూ ఆడుతుండగా రెండు సెంటీమీటర్లు తప్పు చదివితే 134 టన్నులు. అందుకే అనుభవజ్ఞులైన సర్వేయర్లు ఒక్క చూపుతో రాయరు. అలల పైమట్టం, కిందిమట్టం పలుమార్లు చూసి నడిమి అంకె తీసుకుంటారు.

రెండో చిక్కు నీటి సాంద్రత. సముద్రపు నీరు లీటరు సుమారు 1 కిలో 25 గ్రాములు. మంచినీరు కలిసేకొద్దీ తేలికవుతుంది. విశాఖ లోపలి హార్బరులో మేహాద్రి గెడ్డ నీరు వచ్చి కలుస్తుంది. 1976లో వచ్చిన బయటి హార్బరు నేరుగా సముద్రం అంచున ఉంది. వానల రోజుల్లో రెండుచోట్లా నీరు ఒకటే అనుకోవడం పొరపాటు. లీటరు నీరు 1 కిలో 20 గ్రాములే ఉండగా 25 అని రాసుకుంటే 88,000 టన్నులు తూగే నిండు ఓడ మీద ఆ ఒక్క రీడింగులోనే 430 టన్నుల దాకా తేడా వస్తుంది. కనుక నీటిని ఓడ పక్కనే, వేర్వేరు లోతుల నుంచి తీసి హైడ్రోమీటరు వేసి చూడాలి. ఆ హైడ్రోమీటరు కూడా తేలుతూ తన బరువును నీటితో సరితూచుకునే చిన్న ఓడే.

ఇవన్నీ శ్రద్ధగా చేసినా డ్రాఫ్ట్ సర్వే నూటికి అర వంతు లోపల నిజమని వర్తక ప్రపంచం ఒప్పుకుంటుంది. అంతకన్నా మెరుగు ఆశించడం లేదు. 75,000కు అర వంతు 375. అంటే మొదటి ఉదాహరణలో తేడా సరిగ్గా ఆ పద్ధతి సరిహద్దు మీదే ఉంది. దొంగ అనడానికి ఆధారం లేదు, లేడనడానికీ లేదు.

తడికి ధర కట్టరాదు

కాటాలు రెండూ సరిగ్గా ఉన్నా తేడా వచ్చే దారి మరొకటి ఉంది. తూచింది సరకునా, నీళ్లనా? 75,000 టన్నుల బొగ్గు ఎండకు నూటికి ఒక వంతు తేమ కోల్పోతే 750 టన్నులు గాలికి పోయినట్టు. వానలో గుట్ట తడిస్తే అంతకంత చేరుతుంది. అందుకే ఇనుపరాయి అంతర్జాతీయ ఒప్పందాల్లో ధర పొడి టన్నుకు కడతారు. తీసిన నమూనాను 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, ముందు వెనుక తూచి తేమ తేల్చుతారు. లక్ష టన్నుల తడి రాయిలో నూటికి 8 తేమ ఉంటే చెల్లింపు 92,000 టన్నులకే. లక్ష టన్నుల తూకం ఎంత ఖచ్చితంగా వేసినా, గుప్పెడు నమూనాను చిన్న త్రాసులో తూచడంలో పొరపాటు చేస్తే అంతా పోయినట్టే. బెల్లానికీ ఇదే నీతి. వానాకాలంలో చెమ్మ పీల్చిన దిమ్మ తూకానికి లాభం, నిలవకు నష్టం.

ఊచ లెక్క, కాటా లెక్క

విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైంది. సొంత ఇనుప గనులు లేని కర్మాగారం కావడంతో రాయి రైలు మీద, కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఓడ మీద రావలసిందే. అంటే ప్రతి టన్ను ఉక్కు వెనుక కొలిమి చేరకముందే ఎన్నో తూకాలు ఉంటాయి. కొలిమి దాటాక చివరి తూకం ఇల్లు కట్టుకునే వాడి గుమ్మం దగ్గర పడుతుంది.

అక్కడ కాటా లేకపోయినా సరిచూసుకునే దారి ఉంది. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తేలుతుంది. 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకు 888 గ్రాములు. 12 మీటర్ల నిలువు ఊచ 10 కిలోల 660 గ్రాములు. 10 మిల్లీమీటర్లదైతే 7 కిలోల 400 గ్రాములు. భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం మొత్తం లాటు మీద 10 మిల్లీమీటర్ల దాకా నూటికి 7, ఆపైన 16 దాకా 5, దానికి మించితే 3 వంతుల తేడాను అటూ ఇటూ అనుమతిస్తారు. ఊచలు లెక్కపెట్టి కొంటే తేలిక ఊచ నష్టం. కాటా మీద కొంటే బరువు ఊచ వల్ల ఊచలు తగ్గుతాయి. బిల్లులో ఏ లెక్కో తెలుసుకోకుండా డబ్బు కట్టడం తెలివి కాదు.

ఒప్పందంలో రాయవలసినవి

375 టన్నుల సొమ్ము ఎవరిదన్న ప్రశ్నకు భౌతికశాస్త్రం జవాబు చెప్పదు. ఒప్పందం చెప్పాలి. ఎక్కించిన రేవు తూకం తుదిదా, దించిన రేవుదా? డ్రాఫ్ట్ సర్వేనా, గేటు కాటానా? తేడా ఎంత దాకా ఇద్దరూ ఓర్చుకోవాలి, దాటితే మూడో సర్వేయరును ఎవరి ఖర్చుతో పిలవాలి? తేమ ఎక్కడ, ఎప్పుడు తీసిన నమూనాతో తేల్చాలి? ఈ నాలుగు మాటలు ముందు రాసుకున్న వర్తకుడికి ఓడ వచ్చాక కోర్టు మెట్లెక్కే అవసరం తక్కువ. సరకు సామాన్యంగా ‘తూకం మాకు తెలియదు’ అన్న షరతుతో ఓడ రసీదు మీదకు ఎక్కుతుందన్న సంగతి కూడా దిగుమతిదార్లు మరువరాదు. రసీదు మీది టన్నులకు ఓడవారు హామీ ఇచ్చినట్టు భావించడానికి వీలుండదు.

చిన్న వర్తకులకూ రైతులకూ ఇంత తతంగం అక్కరలేదు. సరకు పెట్టకముందు కాటా సున్న దగ్గర ఉందో లేదో చూడాలి. గిన్నె, గోనె బరువుకు ధడా కట్టారో లేదో అడగాలి. దండి త్రాసైతే ఒకసారి పళ్లేలు మార్చి తూయించాలి. వేబ్రిడ్జి అయితే ఖాళీ లారీని అదే రోజు, అదే కాటా మీద తూయించి రెండు చీటీలూ దాచుకోవాలి. కాటా మీది ముద్ర ఏ సంవత్సరానిదో చదవాలి. ముద్ర చూపమని అడగడం కొనేవాడి హక్కు, అమ్మేవాడి హక్కు కూడా. తప్పు కనబడితే తూనికలు కొలతల శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ధర విషయంలో బజారు ఎవరి మాటా వినదు. తూకం విషయంలో మాత్రం అడిగినవాడి మాట చెల్లుతుంది.